నా దవడ దక్కించిన వాళ్లకు

మా మేడమీద అద్దెకుంటున్న స్టాఫ్ నర్సు అమ్మాయికి, ఆమె మాట మీద ఆ రాత్రి క్లినిక్ తెరిచి ఉంచిన దంత వైద్యురాలికి, పేరైనా తెలియని ఒక ఆటో డ్రైవరుకు నమస్కారాలు. ఎదురుపడి చెప్పబోతే "దానికేముంది సార్" అని మాట దాటేస్తున్నారు. బడిపంతులు ఉద్యోగంలో తల నెరిసినవాణ్ణి, చెప్పనిదే ఊరుకోలేను. అందుకే నలుగురిలో రాస్తున్నాను.

బ్రహ్మోత్సవాల ముందు కింది దవడ పన్నుకు రూట్ కెనాల్ మొదలైంది. మొదటి విడత పని చేసి, వేర్లలో మందు పెట్టి, పైన తాత్కాలికంగా సిమెంటుతో మూశారు. అలాంటి పని తర్వాత రెండు మూడు రోజులు కాస్త సలపడం మామూలే. నాకు వచ్చింది మామూలుది కాదు. గరుడ సేవ నాటి సాయంత్రానికి చెంప గట్టిపడి నున్నగా మెరుస్తోంది. నోరు మూస్తే, పన్ను తన చోటి నుంచి పైకి లేచినట్లు ముందు అదే తగులుతోంది. నాలుక తాకితే ప్రాణం జివ్వుమంటోంది. పడుకుంటే పోటు రెట్టింపు, కూర్చుంటే నిద్ర లేదు. పని చేసిన డాక్టరు ఊళ్లో లేరు. చూడవచ్చిన ప్రతివారి దగ్గరా ఒక చిట్కా ఉంది: లవంగ నూనె, పసుపు పట్టు, ఇటుక కాపడం. వాళ్ల ప్రేమకూ దండాలే. చెంప మీద కాపడం మాత్రం పెట్టనివ్వలేదు నర్సమ్మాయి.

డ్యూటీ నుంచి వచ్చిన మనిషి కాఫీ కూడా తాగకుండా నా ముందు కూర్చుంది. "నోరు తెరవండి సార్. మీ వేళ్లు మూడు, ఒకదాని మీద ఒకటి పడుతున్నాయా?" రెండు పట్టాయి, అవీ అతికష్టం మీద. "ఉమ్మి మింగగలుగుతున్నారా? ఊపిరి ఆడుతోందా?" ఫోను వెలుతురులో నాలుక కింద వేలితో తడిమి చూసింది, అక్కడ మెత్తగానే ఉంది. జ్వరం ఉంది. షుగరు చూస్తే 268. "మింగలేకపోయినా, నాలుక కింద ఉబ్బినా నేరుగా రుయా పెద్దాసుపత్రి క్యాజువాలిటీకే. అంతదాకా రాలేదు. అలాగని తెల్లవారేదాకా ఆగకూడదు" అని తనకు తెలిసిన వైద్యురాలికి ఫోను చేసింది. కింది దవడలోని చీము గొంతు వైపు పాకితే ఊపిరే ఆగిపోవచ్చట. ఆ జబ్బును 1836లో వివరించిన జర్మన్ వైద్యుడు లుడ్విగ్ పేరే దానికి పెట్టారని తర్వాత తెలిసింది. షుగరు ఉన్నవాళ్లకు ఆ భయం మరీ ఎక్కువ.

గరుడ సేవ రాత్రి తిరుపతి ఎలా ఉంటుందో ఊరివాళ్లకు చెప్పనక్కర్లేదు. పెద్ద రోడ్లన్నీ జనం. ఆ డ్రైవరు నా ముఖం ఒకసారి చూసి, బేరమాడకుండా, సందుల్లోంచి సందుల్లోకి తిప్పి దింపాడు. షట్టరు సగం దించి వైద్యురాలు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

ఎక్స్‌రే తీశారు. వేరు కొసన నల్లటి నీడ. మాత్రలు వేసుకుని పొద్దున వస్తే కాదా అని గొణిగాను. "చీము గూడు కట్టిన చోటికి రక్తం సరిగా అందదు సార్. రక్తం అందని చోటికి మాత్ర ఎలా అందుతుంది? ముందు చీము బయటికి రావాలి" అన్నారు. ఇంతకాలం ఎవరూ ఇంత సూటిగా చెప్పలేదు. చీము పట్టిన చోట పుల్లదనం పెరిగి మత్తు మందు సరిగా ఎక్కదని, వాపును తాకకుండా దూరంగా, దవడ వెనుక నరం మొదట్లో సూది వేశారు. పెదవి మొద్దుబారాక సిమెంటు తీశారు. గదంతా వాసన. నాకే సిగ్గేసింది, ఆవిడ మాత్రం ముఖం చిట్లించలేదు. బొటనవేలితో దవడ కింది నుంచి పైకి మెల్లగా ఒత్తుతూ, దూది మార్చుతూ, మళ్లీ ఒత్తుతూ. గట్టు తెగిన చెరువులా చప్పున ఒత్తిడి దిగిపోయింది. అప్పుడు తెలిసింది, బయటి గదిలో టీవీ మోగుతోందని, గరుడ సేవ ప్రసారమవుతోందని. అప్పటిదాకా ఒక్క గోవింద నామమూ నా చెవిన పడలేదు!

చిగురుకు చిన్న గాటు పెట్టి, కడిగి, మిగిలిన చీము కారిపోవడానికి సన్నని రబ్బరు ముక్క ఉంచారు. మాత్రలు ఆ తర్వాతే రాశారు. తల ఎత్తుగా పెట్టుకుని పడుకోమన్నారు, గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించమన్నారు, షుగరు డాక్టరును కూడా కలవమన్నారు. ఆ రాత్రి నిద్రపోయాను. నర్సమ్మాయి వాళ్లమ్మ పంపిన రాగి జావ ఋణం ఒకటి మిగిలింది. గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని మా ఆవిడ పట్టు, అది కజ్జికాయలతో వస్తుంది. పన్ను నిలిచింది. వాపు పూర్తిగా తగ్గాక రూట్ కెనాల్ ముగించి తొడుగు వేస్తారు. సంగటి, వేరుశనగ చట్నీ రెండో వైపు నమిలి తింటున్నాను.

ఇక ఆ డ్రైవరు. నేను జేబు తడుముకుంటుంటే "ముందు లోపలికి పోండి సామీ" అని బండి తిప్పేశాడు. వెనుక అద్దం మీద ఏనుగు బొమ్మ ఉన్న ఆటో, నెరిసిన గడ్డం మనిషి. ఎవరైనా గుర్తుపడితే ఆయనకు ఒక మాట చేరవేయండి: బైరాగిపట్టెడ ముసలి పంతులు బాడుగ బాకీ ఉన్నాడు, వచ్చి తీసుకోవాలి.