దిబ్బు దిబ్బు దీపావళి ఏమైంది?

సంపాదకులకు నమస్కారం.

పండగ ముందు ఆదివారం మీ పేపర్లో దీపావళి గురించి పేజీ నిండా వేశారు, సంతోషమే. అయోధ్య ఉంది, ధన్‌తేరస్ బంగారం ఉంది, దివిటీ కొట్టే గోగు కాడ మాత్రం ఎక్కడా లేదు. బళ్లో కూడా అదే వరస. మా మనవరాలు వ్యాసంలో సత్యభామ గురించి రాస్తే టీచరు కొట్టేసి, రాముడు తిరిగొచ్చిన రోజని ఎర్ర పెన్నుతో దిద్దారు. ఆ కథ తప్పని నేననను, ఉత్తరాదిన చెప్పుకునేది అదే. మనింట్లో చెప్పుకునేది నరకాసురుడి కథ. అందులోనూ సత్యభామ చేతికి విల్లిచ్చి యుద్ధానికి దింపింది మన తెలుగు కవి నాచన సోమన, ఆ తర్వాత పోతన. సంస్కృత భాగవతంలో ఆవిడ గరుత్మంతుడి మీద కృష్ణుడి వెంట వెళ్తుంది గానీ బాణం వెయ్యదు. (పోతనలో కూడా చివరికి తల తెంచింది కృష్ణుడి చక్రమే. మనం మాత్రం ఆ గొప్పంతా భామకే ఇచ్చేశాం, బాగానే ఉంది.)

అసలు నా బాధ దివిటీల గురించి. వాటికీ నరకుడికీ సంబంధం లేదు. మహాలయ పక్షాల్లో వచ్చిన పితృదేవతలు తిరిగి వెళ్తారని, వాళ్లకి దారి కనబడాలని అమావాస్య సాయంత్రం దివిటీ చూపిస్తారు, దీన్నే ఉల్కాదానం అంటారు. కోనసీమలో మా అమ్మమ్మ ఎండిన గోగు కాడల చివర పాత పంచె పీలికలు చుట్టి నువ్వుల నూనెలో ముంచి ఇచ్చేది. వీధి గుమ్మం ముందు నిలబడి గిరగిరా తిప్పి, "దిబ్బు దిబ్బు దీపావళి, మళ్లీ వచ్చే నాగుల చవితి" అంటూ నేలకేసి కొట్టేవాళ్లం, రవ్వలు కాళ్ల మీద పడితే గెంతుతూనే. తర్వాత వెనక్కి చూడకుండా లోపలికొచ్చి, కాళ్లు కడుక్కుని, తీపి ముక్క నోట్లో వేసుకున్నాకే మతాబు చేతికొచ్చేది. ముందే టపాసు ముట్టుకుంటే వీపు చిట్లేది!

మొన్న మా అపార్ట్‌మెంట్లో గోగు కాడలు దొరక్క చీపురు పుల్లలకి గుడ్డ చుట్టి ఇచ్చాను. ఒక్క దెబ్బకే విరిగిపోయాయి, మనవరాలు మాత్రం పాట ఆపలేదు. పక్క ఫ్లాట్ పిల్లలు బయటికొచ్చి, ఇదేంటి అమ్మమ్మా అని అడిగారు.

వచ్చే ఏడు ఆ నగల షాపు ప్రకటన పక్కన జానెడు చోటిచ్చి ఈ సంగతులూ వెయ్యండి. ఇంకొకటి, హెడ్డింగులో దివాళీ అని పెట్టకండి సార్, మా వైపు ఆ మాట వింటే ఎవరు దివాలా తీశారని అడుగుతారు.

ఒక పాఠకురాలు,
కాకినాడ