ఆ కోచ్‌ని ఇంకా ఎందుకు మోస్తున్నామంటే

లింకన్, నెబ్రాస్కా
ఆగస్టు 2025

ఒరేయ్ బావా,

మోకాలి ఆపరేషన్ అయ్యాక అత్తయ్య లేచి నడుస్తోందని చదివి ప్రాణం కుదుటపడింది. మెట్లు మాత్రం అప్పుడే ఎక్కనివ్వకు. ఇక నీ మెయిల్ చివర్లో మన నెబ్రాస్కా యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ గురించి అడిగావు చూడు, "మన హస్కర్లు ఇంకా గెలుస్తున్నారా? ఓడిపోతుంటే ఆ కోచ్ మాట్ రూల్‌ని పీకెయ్యక ఇంకా ఎందుకు మోస్తున్నారు?" అని, దానికి ఒక్క ముక్కలో జవాబు రాదు. కోచ్‌ల్ని పీకీ పీకీ ఇక్కడిదాకా వచ్చాంరా మనం. కాఫీ పెట్టించుకుని తీరిగ్గా చదువు.

నువ్వు 98లో పెట్టె సర్దుకుని వైజాగ్ వెళ్ళిపోయావు. అంటే నీ కళ్ళతో చూసింది వైభోగం ఒక్కటే. 94 ఆగస్టులో దిగాం, నువ్వు వెళ్ళేలోపు మూడు నేషనల్ టైటిళ్ళు: 94, 95, 97. టామ్ ఆస్బోర్న్ చివరి ఐదు సీజన్ల లెక్క 60 గెలుపులు, 3 ఓటములు. పాతికేళ్ళు కోచ్‌గా ఉండి ఏ ఒక్క ఏడూ తొమ్మిదికి తక్కువ గెలవలేదు. ఇప్పుడు యూనివర్సిటీలో చేరే మన పిల్లలకి ఈ అంకెలు చెబితే పురాణం వింటున్నట్టు వింటారు.

మొట్టమొదటి ఆరెంజ్ బౌల్, అదే సీజన్ చివర మంచి టీములకి పెట్టే బౌల్ ఆటల్లో ఒకటి, గుర్తుందా? అపార్ట్‌మెంట్‌లో ఆ బుల్లి టీవీ ముందు జనం కిక్కిరిసి ఉన్నారు, యాంటెనా పట్టుకుని నిలబడ్డది నువ్వే. మియామీ మీద నాలుగో క్వార్టర్ దాకా వెనకబడే ఉన్నాం. రక్తం గడ్డకట్టే జబ్బుతో సీజన్లో సగానికి పైగా ఆడలేకపోయిన మన క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని ఆట నడిపేవాడు) టామీ ఫ్రేజర్‌ని ఆస్బోర్న్ మళ్ళీ దింపాడు. అందరూ ఫ్రేజర్ పక్కకి పరిగెడతాడని చూస్తుంటే, బంతి కోరీ ష్లెసింగర్ చేతిలో పెట్టి నడిమధ్యలోంచి పంపారు. డంకన్ అనే పల్లెటూరి నుంచి వచ్చిన కుర్రాడు. ఒకసారి కాదు, రెండుసార్లు అలాగే బంతిని అవతలి గీత దాటించి టచ్‌డౌన్ చేశాడు. 24-17. మియామీ డిఫెన్స్‌వాళ్ళు నడుం మీద చేతులు పెట్టుకుని వగరుస్తున్నారు. మనవాళ్ళు ముందు మూడు క్వార్టర్లు వాళ్ళని నెట్టినెట్టి అలవగొట్టిన ఫలితం అది. నెబ్రాస్కా ఫుట్‌బాల్ అంటే నాకు ఇప్పటికీ ఆ రెండు పరుగులే. పాసులూ ఆర్భాటాలూ ఉండవు, ఎదుటివాడికి ఏం రాబోతోందో తెలిసి కూడా ఆపలేకపోవడం ఉంటుంది.

ఆ ఏడు ఫ్రేజర్ లేనన్నాళ్ళూ బండి లాగినవాడు బ్రూక్ బెరింగర్. 96 ఏప్రిల్‌లో, ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ టీములు కాలేజీ కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్ ఇంకా రెండు రోజులుందనగా, చిన్న విమానం కూలి పోయాడు. ఆ వార్త విన్న రోజు నువ్వు వంట చెయ్యలేదు. ఇప్పుడు స్టేడియం బయట ఆస్బోర్న్, బెరింగర్ పక్కపక్కన నిలబడ్డ కంచు విగ్రహం ఉంది. రెండు టైటిళ్ళు గెలిపించిన ఫ్రేజర్‌ని కాకుండా, తన వంతు వచ్చినప్పుడు ఆడి, రానప్పుడు నోరెత్తకుండా బెంచీ మీద కూర్చున్న కుర్రాణ్ణి కోచ్ పక్కన నిలబెట్టారు చూడు, ఆ ఒక్క పనికి ఈ ఊరంటే నాకు గౌరవం.

సరే, ఇప్పుడు అసలు సంగతి. మనం దిగేసరికే ఆస్బోర్న్ దేవుడు కాబట్టి ఆయన వెనక ఎంత ఓపిక ఉందో మనకి తెలియదు. ఆయన కోచ్ అయింది 1973లో. మొదటి ఐదేళ్ళూ ఓక్లహోమా చేతిలో ఓడిపోయాడు. ఓక్లహోమా అంటే ఆ రోజుల్లో మనకి ప్రాణవైరం. 83 సీజన్లో టైటిల్ అరచేతిలోకి వచ్చింది. మియామీతో ఆరెంజ్ బౌల్, చివరి నిమిషంలో మన టచ్‌డౌన్, స్కోరు 31-30, మనం ఒక్క పాయింటు వెనక. ఒక్క కిక్కు కొడితే సమం, సమమైతే దాదాపు టైటిల్ మనదే. ఆయన కిక్కు వద్దన్నాడు. గెలవడానికే ఆడతామని, కిక్కు బదులు బంతి మళ్ళీ గీత దాటిస్తే వచ్చే రెండు పాయింట్లకి వెళ్ళాడు. పాస్‌కి మియామీవాడి చెయ్యి తగిలి బంతి పక్కకి పోయింది. ఆ తర్వాత 87 సీజన్ నుంచి వరసగా ఏడు బౌల్ గేములు ఓడిపోయాడు. పెద్ద ఆటలు గెలవలేడని రేడియోల్లో, మంగలి షాపుల్లో, చర్చి మెట్ల మీద అందరూ అన్నారు. అయినా ఉంచారు. మొదటి టైటిల్ వచ్చింది ఎప్పుడో లెక్కపెట్టు: 22వ సీజన్. ఈరోజుల్లో అయితే ఆస్బోర్న్‌ని మూడుసార్లు పీకేసి ఉండేవాళ్ళు, మనం చూసిన ఆ నాలుగేళ్ళు చరిత్రలోనే ఉండేవి కావు.

ఆయన తన కుర్చీలో ఫ్రాంక్ సోలిచ్‌ని కూర్చోబెట్టి వెళ్ళాడు. ఇక్కడే ఫుల్‌బ్యాక్‌గా ఆడినవాడు, ఆస్బోర్న్ దగ్గరే ఏళ్ళ తరబడి పనిచేసినవాడు. 2001లో టీమ్‌ని టైటిల్ గేమ్ దాకా తీసుకెళ్ళాడు. ఆ ఏడు మన క్వార్టర్‌బ్యాక్ ఎరిక్ క్రౌచ్‌కి కాలేజీ ఆటగాళ్ళలో మేటికిచ్చే హైస్మన్ ట్రోఫీ వచ్చింది. రోజ్ బౌల్లో మియామీ 37-14తో ఉతికేసిన మాట నిజమే, మర్నాటి సీజన్ 7-7తో (ఏడు గెలుపులు, ఏడు ఓటములు) ముగిసిన మాటా నిజమే. కానీ 2003లో 9-3తో లేచి నిలబడ్డాడు. నిలబడ్డవాణ్ణి అథ్లెటిక్ డైరెక్టర్ స్టీవ్ పెడర్సన్ తీసేశాడు! తొమ్మిది గెలిచిన మనిషినిరా! టీమ్ సాదాసీదాగా మిగిలిపోకూడదనేది ఆయన వాదన. నా దృష్టిలో మన పతనానికి తేదీ అదే, 2003 నవంబరు. జనం వేరే కారణాలు చెబుతారు. బిగ్ టెన్ అనే యూనివర్సిటీల లీగ్‌లో చేరడం అంటారు, టెక్సస్ కుర్రాళ్ళు రాకపోవడం అంటారు, ఇక్కడి చలి అంటారు. అవన్నీ తర్వాత వచ్చినవి. చలి ఆస్బోర్న్ రోజుల్లోనూ ఉంది.

కొత్తాయన బిల్ కాలహాన్ ఎన్‌ఎఫ్‌ఎల్ నుంచి వచ్చాడు. పరుగుల మీద నడిచే మన పాత ఆప్షన్ ఆట మూలపడింది. మొదటి ఏడే 5-6. 1961 తర్వాత గెలుపులకన్నా ఓటములు ఎక్కువైన సీజన్ అదే. వరసగా 35 ఏళ్ళు బౌల్ ఆడిన టీమ్ ఇంట్లో కూర్చుంది. టెక్సస్ టెక్ మనమీద 70 కొట్టింది, 2007లో కేన్సస్ 76 కొట్టింది. కేన్సస్! బాస్కెట్‌బాల్ ఊరు!

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించింది వాక్-ఆన్‌ల సంగతి. స్కాలర్‌షిప్ లేకుండా సొంత ఫీజు కట్టుకుని చేరే పల్లెటూరి పిల్లలు మన బలం. పొలంలో ఎండుగడ్డి మోపులు ఎత్తి పెరిగిన కుర్రాడు రెండేళ్ళు ప్రాక్టీస్‌లో దెబ్బలు తిని, మూడో ఏడు లైన్లో, అంటే ఎదుటివాళ్ళని నెట్టే ముందు వరసలో నిలబడేవాడు. వాడికోసం వాడి ఊరు ఊరంతా కార్లలో వచ్చేది. ఎన్‌ఎఫ్‌ఎల్ లెక్కలు వచ్చాక వాళ్ళకి చోటు తగ్గింది. ఒక్కో కుర్రాడు తగ్గితే ఒక్కో ఊరికి ఈ టీమ్‌తో బంధం పల్చబడుతుంది. ఇది బోర్డు మీటింగుల్లో కూర్చున్నవాళ్ళకి ఎందుకు తట్టలేదో నాకు అర్థం కాదు.

తర్వాత బో పెలీనీ. కోపిష్టి, రిఫరీల మీద అరుపులు, నాకు ఆ పద్ధతి నచ్చేది కాదు. కానీ ఏడేళ్ళూ ఏడాదికి తొమ్మిదికి తక్కువ గెలవలేదు. 2009లో టెక్సస్ మీద అప్పటి మన లీగ్ బిగ్ 12 టైటిల్ గెలిచేశామని మైదానంలోకి పరిగెత్తారు మనవాళ్ళు. గడియారం మీద ఒక్క సెకను వెనక్కి వేశారు, ఆ సెకన్లో టెక్సస్ ఫీల్డ్ గోల్ కొట్టింది, 13-12. ఆ రోజు ఎన్‌డముకాంగ్ సూ ఆడిన ఆట ఇంకెవరూ ఆడగా నేను చూడలేదు. ఒక్కడే టెక్సస్ లైన్ మొత్తాన్ని చెల్లాచెదురు చేశాడు. 2014లో పెలీనీనీ పీకేశారు. అప్పుడూ 9-3యే. మైక్ రైలీ వచ్చాడు, మూడేళ్ళుండి వెళ్ళాడు. ఆయన గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు, మంచి మనిషి.

ఆ తర్వాత వచ్చింది ఎవరనుకున్నావ్? మన స్కాట్ ఫ్రాస్టే! 97 మిజోరీ గేమ్‌లో వాడు విసిరిన బంతి వైగిన్స్ కాలికి తగిలి పైకి లేస్తే, గడ్డి తాకేలోపు మాట్ డేవిసన్ కింద చేతులు పెట్టి పట్టాడే, వాడే. ఆ క్షణంలో నువ్వు సోఫా మీదినుంచి దూకి పైఫ్లోర్ వాళ్ళచేత తలుపు కొట్టించావు. ఫ్రాస్ట్ 2017లో సెంట్రల్ ఫ్లోరిడాని 13-0తో నిలబెట్టి, ఇంటికి వచ్చినట్టు వచ్చాడు. ఈ రాష్ట్రంలోనే పుట్టిన పిల్లాడు. ఒమాహా గుడిలో కూడా అదే మాట, కల్యాణం అయ్యాక భోజనాల దగ్గర తెలుగువాళ్ళందరం ఫ్రాస్ట్ గురించే. నాకు ఇంతలా ఎవరూ ఆశ పెట్టలేదు. నాలుగేళ్ళ చిల్లరలో 16 గెలిచి 31 ఓడాడు. 2021లో తొమ్మిది ఓడితే తొమ్మిదీ పది పాయింట్ల లోపు తేడాతోనే! 2022లో డబ్లిన్‌లో నార్త్‌వెస్టర్న్ మీద 28-17తో గెలుస్తూ, బంతి మళ్ళీ మనకే దక్కాలని దగ్గరగా కొట్టే ఆన్‌సైడ్ కిక్ కొట్టించాడు. బంతి వాళ్ళకి పోయింది, ఆట పోయింది. సెప్టెంబరులో జార్జియా సదరన్ చేతిలో ఓడిన మర్నాడు తీసేశారు. అక్టోబరు 1 దాకా ఆగితే ఇవ్వాల్సిన పరిహారం కోటిన్నర డాలర్ల నుంచి సగానికి తగ్గేది. అదీ ఆగలేకపోయారు. కోచ్‌ల్ని మార్చడం అలవాటైతే వచ్చినవాడు మొదటి రోజు నుంచీ భయంతోనే ఆడతాడు. చివరి నిమిషాల్లో మనవాళ్ళు చేసిన తప్పులన్నిట్లోనూ నాకు ఆ భయమే కనబడింది.

మధ్యలో ఇంకోటి చెప్పాలి. ఇంత జరిగినా స్టేడియం నిండుతూనే ఉంది. టికెట్లన్నీ అమ్ముడైన ఆటల వరస 1962 నవంబరులో మొదలై, కిందటేడు 400 దాటింది. కొన్ని సీజన్లలో మిగిలిన టికెట్లని దాతలు కొని, ఎప్పుడూ స్టేడియం మొహం చూడని పిల్లలకి పంచారు. ఇది లెక్కలోకి రాదని బయటివాళ్ళు ఎగతాళి చేస్తారు. మొదటిసారి ఆ ఎర్ర చొక్కాల సముద్రంలో కూర్చున్న పదేళ్ళ పిల్లకి అది టికెట్టు కాకపోతే ఏంటి? గేటు నుంచి వెళ్ళిపోయే ఎదుటి టీమ్‌కి లేచి చప్పట్లు కొట్టే అలవాటు కూడా పోలేదు. మనల్ని ఓడించినవాళ్ళకీ కొడతారు, నేనూ కొడతాను. ఆటకి ముందు టీమ్ సొరంగంలోంచి మైదానంలోకి నడిచొచ్చే టన్నెల్ వాక్ అప్పుడు ఇప్పటికీ నా ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ఒక్కొక్కడూ తలుపు మీది గుర్రపు నాడాని ముట్టుకుని వస్తుంటే తొంభైవేలకి దగ్గరైన జనం ఒక్క గొంతు అయిపోతారు. 2023లో అమ్మాయిల వాలీబాల్ అదే మైదానంలో పెడితే 92,003 మంది వచ్చారు. మా అమ్మాయి గొంతు మూడు రోజులు బొంగురు పోయింది.

ఇక నువ్వు పీకెయ్యమన్న మాట్ రూల్. టెంపుల్ యూనివర్సిటీలో కోచ్‌గా మొదటి ఏడు 2-10, మూడో ఏడు 10-4. బేలర్ యూనివర్సిటీలో మొదటి ఏడు 1-11, మూడో ఏడు 11-3. ఇక్కడ మొదటి ఏడు 5-7, కిందటేడు 7-6. 2016 తర్వాత మొదటి బౌల్, న్యూయార్క్ యాంకీ స్టేడియంలో బోస్టన్ కాలేజీ మీద 20-15. ఇది ఆయన మూడో ఏడు కాబట్టి ఈసారి పది గెలవాలని ఇక్కడ అందరూ గొడవ. నేను అలా అడగను. ఆరు గెలిచినా ఉంచాలి, వచ్చే ఏడూ ఉంచాలి. ఆటలో లోపాలు నాకూ కనబడుతున్నాయి. కిందటేడు 5-1తో ఉండి ఇండియానా చేతిలో 56-7తో చితికిపోయారు, వరసగా నాలుగు ఓడారు. కానీ విస్కాన్సిన్ మీద 44-25తో లేచారు. ఇదివరకటి టీములు అలా లేచేవి కావు. ఇప్పుడు ఆటగాళ్ళకి యూనివర్సిటీలే డబ్బులిస్తున్నాయి, ఈ ఏడు నుంచి ఒక్కో స్కూలు రెండు కోట్ల డాలర్ల పైచిలుకు దాకా ఇవ్వొచ్చు. ఇవ్వాల్సిందే, మెడలు విరగ్గొట్టుకునేది వాళ్ళు. అయితే నచ్చకపోతే ఏ ఏడుకాయేడు టీమ్ మారిపోవచ్చు కూడా. కుర్రాళ్ళు ఇలా మారే రోజుల్లో కోచ్ కూడా మారిపోతూ ఉంటే ఇక ఎర్ర చొక్కా తప్ప మిగిలేదేముంది?

రూల్ చేసిన ఇంకో పని నాకు టైటిల్‌తో సమానం. 2023లో వసంతంలో జరిగే ప్రాక్టీస్ ఆటకి, స్ప్రింగ్ గేమ్‌కి, సోలిచ్‌ని పిలిపించాడు. తీసేసిన ఇరవై ఏళ్ళకి ఆ పెద్దాయన మైదానంలో అడుగుపెడితే జనం లేచి నిలబడ్డారు. ఇక్కణ్ణుంచి పంపేశాక ఒహాయో యూనివర్సిటీలో నూటికి పైగా గెలిచాడాయన. నా పక్క సీట్లో ఉన్న రైతు టోపీ తీసి గుండెమీద పెట్టుకున్నాడు, మనవడికి ఏదో చెప్పబోయి గొంతు పట్టేసి ఊరుకున్నాడు.

ఈ నెల 28 రాత్రి కేన్సస్ సిటీలో సిన్సినాటీతో మొదటి ఆట. మీకు శుక్రవారం పొద్దున్న అవుతుంది. మన క్వార్టర్‌బ్యాక్ డిలన్ రయోలా, 15 నంబరు కుర్రాడు. వాళ్ళ నాన్న డొమినిక్ మన సెంటర్ (లైన్ మధ్యలో నిలబడేవాడు), నువ్వు వెళ్ళాక ఆడాడు. వాడి చెయ్యి చూడు, కానీ అంతకన్నా ముందు మన లైన్ చూడు. మూడో క్వార్టర్‌కి సిన్సినాటీవాళ్ళు నడుం మీద చేతులు పెట్టుకుంటే మనం దారిలో పడ్డట్టే. హాఫ్‌టైమ్‌లో ఫోన్ చేస్తా, ఎత్తు. అత్తయ్యకి నమస్కారాలు చెప్పు.

ఉంటాను,
నీ పాత రూమ్మేట్