పక్క బెడ్ అక్కకి, ఇంకా అందరికీ

నిన్న సాయంత్రం డిశ్చార్జి చేశారు. స్టెరాయిడ్ల వల్ల రాత్రంతా నిద్ర లేదు, చేతులు వణుకుతున్నాయి. అయినా ఇది ఇవాళే రాయాలి. ఫోన్లు చేసినవాళ్ళతో విడివిడిగా మాట్లాడే ఓపిక లేదు, ఏమీ అనుకోకండి.

నాకు వచ్చింది మల్టిపుల్ స్క్లెరోసిస్, ఎంఎస్ అంటారు. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే మెదడులో, వెన్నుపాములో నరాల మీదుండే మైలిన్ పొరని దెబ్బతీస్తుంది. నాకు కుడికన్నుతో మొదలైంది. కన్ను తిప్పితే నొప్పి, ఎర్ర చీర వెలిసిపోయినట్టు కనిపించడం. ఎమ్మారై చేసి, వెన్నులోంచి నీరు తీసి చూసి ఖాయం చేశారు.

అమ్మానాన్న, మా ఆయన, అత్తమ్మ ఎంత చేశారో మీకు తెలిసిందే.

నేను చెప్పాల్సింది పక్క బెడ్ అక్క గురించి. ఆమెకి చాలా ఏళ్ళుగా ఇదే జబ్బు. ఆరునెలలకోసారి ఎక్కించుకునే రిటుక్సిమాబ్ అనే మందు కోసం వచ్చింది. కర్టెన్ ఇవతల నా ఏడుపు విని, సెలైన్ స్టాండ్ తోసుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. "ముందు ఆ ఫోన్ అవతల పెట్టమ్మా. అందరూ వీల్‌చైర్లో పడరు, ఇప్పుడు మందులున్నాయి" అంది. తన డబ్బాలో పెరుగన్నం సగం నాకు పెట్టింది.

ఇది అంటుకోదు, పాపని మామూలుగా ఎత్తుకో అంది. ఎండకో, జ్వరానికో చూపు మసకబారితే భయపడకు, ఒళ్ళు చల్లబడ్డాక సర్దుకుంటుంది. జ్వరం లేకుండా కొత్త ఇబ్బంది 24 గంటలు దాటి ఉంటే మాత్రం డాక్టరుకి ఫోన్ చెయ్యి అంది. మా ఆయన్ని కూడా పిలిచి కూర్చోబెట్టింది. "పొద్దున్నే లేవగానే అలసిపోయానంటుంది బాబూ, అది బద్ధకం కాదు, జబ్బే" అని చెప్పింది. ఎన్ని నెలలుగానో నేను చెప్పలేకపోయిన మాట అది. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

వెళ్ళేముందు నా ఫైలు వెనక డాక్టర్ని అడగాల్సినవి రాసిచ్చింది. ఏ రకం ఎంఎస్, ఏ మందు, ఎందుకు, మొదలుపెట్టేముందు హెపటైటిస్, టీబీ పరీక్షలు, టీకాలు, మళ్ళీ ఎమ్మారై ఎప్పుడు, రెండో బిడ్డ కావాలంటే ముందే ఏం మాట్లాడాలి. నాకు చూపు సరిగా లేదని ఒక్కో అక్షరం వేలెడంత రాసింది. అది చూశాక నన్ను నేను ఆపుకోలేకపోయాను. పేరు రాయొద్దంది, రాయట్లేదు.

ఇదంతా జబ్బు పేరు చెప్పిన రోజే ఆస్పత్రిలో ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి కదా? డాక్టరుగారు మంచివారే, బయట అంతమంది ఉంటే ఆయనేం చేస్తారు. ఒక్క నర్సుకి శిక్షణ ఇచ్చి ఆ పనికి పెట్టొచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఈ జబ్బు పేరుంది, కానీ 40 శాతం వైకల్యం తేలితేనే చాలా సాయాలు. నడవగలుగుతున్నాను కదా, నా అలసటకి శాతం ఎవరు వేస్తారు? ఇన్సూరెన్స్ వాళ్ళతో పోరు ఇంకా నడుస్తోంది.

కొత్తగా ఈ పేరు విన్నవాళ్ళు మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియా వాళ్ళని అడగండి. 1985 నుంచి ఉంది, హైదరాబాద్‌లోనూ వాళ్ళ శాఖ ఉంది. అక్కే చెప్పింది.

అయ్యో, ఎమ్మారై గదిలో మాటిమాటికీ మైకులో "అయిపోవచ్చిందమ్మా" అన్న తమ్ముడికి థాంక్స్. రాత్రి బాత్రూమ్‌కి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిన ఆయమ్మకి. ఆఫీసులో నా పని మీదేసుకున్న ఇద్దరికీ. పాపని స్కూల్లో దింపిన కింది పోర్షన్ ఆంటీకి కూడా, మీ టిఫిన్ డబ్బాలు ఇంకా మా దగ్గరే ఉన్నాయాంటీ, ఆదివారం పంపిస్తాను.