నడుం పైన ఆఫీసు

శ్రీకాకుళం

ఒరే బావా,

నీ మెసేజ్ చూశాను. వారానికి మూడు రోజులు ఆఫీసుకు రమ్మన్నారని బోలెడు ఏడ్చి, చివర్లో "ఫార్మల్స్ కొనాలా వద్దా" అని ఒక్క ముక్క అడిగావు. అది ఫోన్లో తెగే విషయం కాదు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు నా బూట్ల కథ విను. కిందటి నెల టీమ్ మీటింగని మమ్మల్ని హైదరాబాద్ పిలిచారు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కి ఇంటికొచ్చినప్పుడు అటక మీద పడేసిన నల్ల బూట్లు దింపాను. పైకి నిగనిగలాడుతున్నాయి. లిఫ్టు దిగి పది అడుగులు వేశానో లేదో, కాలి కింద ఏదో మెత్తగా తగిలింది. తిరిగి చూస్తే గచ్చంతా నల్ల ముద్దలు, చిమ్మిలి ఉండ చిదిపినట్టు! పాలీయురెథేన్ అనే ఒకరకం ప్లాస్టిక్ సోళ్లు ఏళ్ల తరబడి వాడకపోతే, గాల్లో తేమకే లోపల్లోపల పాడై పొడైపోతాయట. మన ఊరి ఉక్కకి అటక మీద వాటి గతి ఏమై ఉంటుందో ఊహించుకో. పాపం ఊడ్చే ఆమె చీపురు పట్టుకుని నా వెనకే వచ్చింది. ఇంతా చేసి, మీటింగులో టక్ చేసుకున్నవాణ్ని నేనొక్కణ్నే. మా మేనేజరే రౌండ్ నెక్ టీషర్టులో వచ్చాడు.

కాబట్టి ప్యాంట్లూ బూట్లూ ఇప్పుడే కొనకు. చొక్కాలు మాత్రం ఎవరికీ ఇచ్చెయ్యకు. ఎందుకో చెప్తా.

మొదటి ఏడాదంతా లుంగీ, బనీనుతోనే పనిచేశాను. కెమెరా ఆఫ్. స్వర్గం అనుకున్నాను గానీ, లుంగీలో ఉంటే మా అమ్మ లెక్కలో నేను ఖాళీగా ఉన్నట్టే. "ఒరే, ఆ గ్యాస్ బండ ఓపాలి మార్చీరా", "అరసవల్లి అత్త ఎల్తంది, ఆటో ఎక్కించీరా". ఎదురింటి మామ్మయితే అమ్మనే అడిగేసింది, "గుంటడికి ఉద్యోగం ఊడిపోనాదేటి?" అని. ఓ రోజు క్లయింటు కాల్ ఉందని ఇస్త్రీ చొక్కా తొడిగి కూర్చున్నాను. ఇల్లంతా నిశ్శబ్దం! టీవీ సౌండు తగ్గింది, టీ బల్ల దగ్గరికే వచ్చింది. అప్పట్నుంచి రోజూ తొమ్మిదింటికి చొక్కా వేస్తాను, ఆరింటికి విప్పుతాను. కెమెరా పెట్టని రోజు కూడా. మా ఆఫీసులో డ్రెస్ కోడ్ పోయింది గానీ మా ఇంట్లో మొదలైంది, బావా. కింద మాత్రం లుంగీయే, అందులో మార్పు లేదు.

చొక్కాల్లోనూ కెమెరాకి పడేవి వేరు. నీకిష్టమైన ఆ సన్న గళ్ల చొక్కాలున్నాయే, వాటిని పక్కన పెట్టు. గళ్లు మరీ చిన్నవైతే కెమెరా వాటిని సరిగ్గా పట్టలేదు, తెర మీద అలలు అలలుగా కదులుతాయి. మా జపాన్ క్లయింటు పాపం చాలాసేపు ఓర్చుకుని, "మీ నెట్‌వర్క్ బాగానే ఉందా?" అని అడిగాడు. ఆయనకి టై కూడా ఉండదు. వాళ్ల ప్రభుత్వమే 2005లో 'కూల్ బిజ్' అని మొదలుపెట్టి, వేసవిలో గదిలో వేడి 28 డిగ్రీల దగ్గర ఉండేట్టు ఏసీ పెట్టుకోండి, కోటూ టైయూ మానెయ్యండి అని చెప్పిందిగా. ఇక్కడేమో మే నెలలో టై కట్టించి క్యాంపస్ ఇంటర్వ్యూకి కూర్చోబెట్టారు మనల్ని! నీ టై నా దగ్గరే ఉండిపోయింది, అడక్కు.

మా లాయరు బాబాయ్‌దీ ఇదే గోల. 2020 మేలో సుప్రీంకోర్టు, వీడియో విచారణలకి కోటూ గౌనూ అక్కర్లేదు, తెల్ల చొక్కా, మెడకి తెల్ల బ్యాండ్ చాలంది. ఆ తెల్ల చొక్కా రోజుల్ని తలుచుకుని ఇప్పటికీ నిట్టూరుస్తాడు.

జి.టి. రోడ్డులో మన టైలర్ని కూడా కదిపాను. ప్యాంటు కుట్టించేవాళ్లు తగ్గారట, వచ్చినవాళ్లు కూడా "వెనకాల ఎలాస్టిక్ వెయ్యి బాబూ" అంటున్నారట. ఆయన పుస్తకంలో నా పాత నడుం కొలత 32. ఈసారి టేపు చుట్టి ఏమీ అనలేదు, 36 అని రాసుకున్నాడు. ఆ మర్యాదకే ఇంకో చొక్కా కుట్టించాను.

అది పొందూరు ఖద్దరు. తాతయ్యల బట్ట అని నవ్వకు. కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, చేత్తో వడికి, చేత్తో నేసిన బట్ట అది. గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే కాలర్ సాయంత్రం దాకా వాలదు, ఒంటికి గాలీ ఆడుతుంది. కెమెరాలో దాని మెరుగు చూసి చెన్నై నుంచి మా మేనేజరు "ఏ బ్రాండు?" అన్నాడు. మా ఊరి బ్రాండు అన్నాను. రెండు బిట్లు పంపమన్నాడు, డబ్బులింకా వెయ్యలేదు.

పండక్కి వస్తావుగా, ఓ పూట పొందూరు వెళ్దాం. ఈలోగా నీ బూట్లు బయటికి తీసి, సోలు బొటనవేలితో గట్టిగా నొక్కి చూడు. వేలు దిగిందంటే ఆఫీసుకి చెప్పులేసుకునే వెళ్లు.

నీ
బావ