గండికోట రోడ్డును ఒక్క పూట మాకివ్వండి

సంపాదకుల గారికి నమస్కారం.

గండికోటకు జనాన్ని రప్పించడానికి ఇంకా ఏమేం చేయొచ్చో రాయమని మీరు జిల్లా ఎడిషన్‌లో పాఠకులను అడిగారు. వచ్చిన ఉత్తరాలన్నీ చదివాను. హోటళ్లు, బోటింగ్, లైటింగ్ గురించి చాలామంది రాశారు. నేను అడిగేది వేరు. వచ్చే ఉత్సవాల రోజుల్లో ఒక ఆదివారం పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా జమ్మలమడుగు నుంచి గండికోటకు పోయే రోడ్డు మూసి, దాని మీద సైకిల్ రేసు పెట్టించండి. మీ పత్రిక రాస్తే అధికారులు వింటారన్న నమ్మకంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను కడపలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్‌లో చేరిన ఏడు, అంటే 2022 నుంచి రోడ్డు సైక్లింగ్ చేస్తున్నాను. మా నాన్న లారీ డ్రైవరు. ఎర్రగుంట్లలో సిమెంటు లోడు ఎత్తుకుని గువ్వలచెరువు ఘాట్ మీదుగా రాయచోటి వైపు పోతుంటాడు. నేను ప్రాక్టీసు చేసేదీ ఆ ఘాట్‌లోనే. కడప చుట్టుపక్కల అంత పొడుగు ఎక్కుడు నాకు దగ్గరలో ఇంకోటి లేదు. పొద్దున నాలుగున్నరకు హెల్మెట్టు పెట్టుకుని, వెనక లైటు వేసుకుని బయల్దేరితే, పైన కోవా అంగళ్లు తెరిచే వేళకు గువ్వలచెరువు చేరతాను.

ఘాట్‌లో పోవడానికి నాన్న ఒప్పుకున్నది రెండు షరతుల మీద. ఒకటి, బ్రేకు లైనింగు కాలిన వాసన ముక్కుకు తగిలితే ఆలోచించకుండా రోడ్డు దిగి మట్టిలో నిలబడాలి. "ఎక్కే లారీ పక్కన పోవచ్చు పాపా, దిగే లారీ ముందర మాత్రం ఉండొద్దు. వాడు నిన్ను చూసినా ఆపలేడు" అన్నాడు. రెండోది, ఎక్కడమే నా పని, సైకిల్ మీద దిగకూడదు. నాన్నకు తెలిసిన ఏదో ఒక లారీలో సైకిల్ ఎక్కించుకుని కిందికి రావాలి. నాలుగేళ్లుగా అట్లాగే వస్తున్నాను. దాని ఫలితం ఏమిటంటే, ఎక్కుడులో నన్ను దాటినవాళ్లు తక్కువ, దిగుడు వస్తే నన్ను దాటనివాళ్లు తక్కువ. మలుపులో ఎంత వేగంతో పోవచ్చో, ఎప్పుడు బ్రేకు వదలాలో చేతులకు తెలియాలి. పుస్తకం చదివితే వచ్చే విద్య కాదది. ఎదురుగా ఏదీ రాదన్న ధైర్యం ఉన్న రోడ్డు మీద పదిసార్లు దిగితేనే వస్తుంది. అట్లాంటి రోడ్డు మాకు ఒక్క పూట కూడా దొరకలేదు.

హైవే మీద ఇంకో బాధ ఉంది, కారుల్లో పోయేవాళ్లకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. లారీ టైరు పేలినప్పుడు రబ్బరు పీలికలు రోడ్డు పక్కకు, సరిగ్గా మేం పోయే చోటికి చేరతాయి. వాటిలోంచి ఊడిన ఉక్కు తీగలు వెంట్రుకంత సన్నంగా ఉంటాయి. మా టైరులో దిగితే కంటికి కనబడవు. ట్యూబు మారుస్తాం, గాలి కొడతాం, రెండు కిలోమీటర్లు పోగానే మళ్లీ దిగిపోతుంది. వేలితో తడిమితే వేలు తెగుతుంది గానీ తీగ దొరకదు. మా అమ్మ కనిపెట్టిన ఉపాయం, దీపం వత్తులకు తెచ్చిన దూది కొంచెం తీసుకుని టైరు లోపలి వైపు మెల్లగా తిప్పడం. తీగ ఉన్నచోట దూది పీచు పట్టుకుంటుంది. అక్కడ పట్టుకారుతో లాగాలి. మా సైకిల్ వాల్వు సన్నగా ఉంటుంది, దారిలో పంక్చర్ షాపుల్లో గాలి కొట్టే గొట్టం దానికి పట్టదు. అందుకని పంపు, ట్యూబు, దూది ఎప్పుడూ జేబులో ఉండాల్సిందే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 2023 డిసెంబరులో మన రాష్ట్రంలోనే ఇంకో జిల్లాలో జరిగిన ఒక రేసుకు పోయాను. అమ్మాయిల మాస్ స్టార్ట్, అంటే అందరూ ఒకేసారి బయల్దేరే రేసు, 20 కిలోమీటర్లు. ఆరున్నరకు మొదలవ్వాలి. ముఖ్య అతిథి కోసం ఆగి ఆగి తొమ్మిదీ నలభైకి జెండా ఊపారు. అప్పటికి బైపాస్ మీద బస్సులు, ఆటోలు, కాలేజీ బండ్లు అన్నీ తిరుగుతున్నాయి. రోడ్డు మూయలేదు. కూడళ్లలో ఈలలు పట్టుకుని నలుగురు పీఈటీ సార్లు నిలబడ్డారు. వాళ్లు మాత్రం ఎంతని ఆపగలరు?

పధ్నాలుగు మందిమి బయల్దేరితే, పదిహేను కిలోమీటర్లు దాటేసరికి ముందు గుంపులో ఐదుగురం మిగిలాం. ఎదురుగాలి. ఒకరి వెనక ఒకరం పోతున్నాం, ముందున్న చక్రానికి జానెడు దూరంలో నా చక్రం. ముందు మనిషి గాలిని చీల్చుకుంటూ పోతే ఆ చాటున వెనకవాళ్లకు చాలా శ్రమ తగ్గుతుంది. కాసేపటికి ముందున్నవాళ్లు పక్కకు జరిగి వెనక్కి వస్తారు, తర్వాతివాళ్లు గాలిని తీసుకుంటారు. ఆ వరసలో ఉన్నప్పుడు నాకు రోడ్డు కనబడదు. ముందున్న అమ్మాయి నడుము, ఆమె వెనక చక్రం, అంతే. గుంత ఉంటే ఆమె చేత్తో చూపిస్తుంది. నా బదులు రోడ్డును ఆమె చూస్తుందని నమ్మి తొక్కుతాను.

డివైడర్ సందులోంచి ఒక ఆటో మలుపు తిరిగింది. నేను ఆటోను చూడలేదు. ముందున్న నడుము ఒక్కసారి పక్కకు వంగింది, అంతవరకే గుర్తు. బ్రేకు చప్పుడు కూడా వినలేదు, ఇనుము రోడ్డు మీద ఈడ్చుకుపోయే చప్పుడు విన్నాను. లేచి చూసుకుంటే నా మోచేతి చర్మం లేచిపోయింది. ముందున్న అమ్మాయి రోడ్డు మీద కూర్చుని కుడిచేత్తో ఎడమ భుజం పట్టుకుని ఉంది. కాలర్ బోన్ విరిగింది. ఆమె అడిగిన మొదటి మాట, "అక్కా, సైకిల్ ఎట్లుంది?" అని. సైకిల్ ఆమెది కాదు, రేసు కోసం ఎవరినో అడిగి తెచ్చుకుంది.

అక్కడ అంబులెన్సు లేదు. ఏ ఆటోకు తగిలి పడ్డామో, ఆ ఆటోలోనే ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆటో ఆయన ఏడుస్తూనే నడిపాడు. ఆయన తప్పేముంది? అక్కడ రేసు జరుగుతోందని ఆయనకు చెప్పినవాళ్లే లేరు. సాయంత్రం ఫలితాల కాగితంలో, పడిన మా ముగ్గురి పేర్ల ఎదురుగా 'పూర్తి చేయలేదు' అని రాశారు. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. తొక్కనిస్తే పూర్తి చేసేవాళ్లం.

ఎవరినో నిందించడానికి ఇది రాయడం లేదు. పద్ధతిగా జరిగే రేసు ఎట్లుంటుందో టీవీలో, ఫోన్‌లో ఏటా చూస్తున్నాను కాబట్టి రాస్తున్నాను.

ఫ్రాన్సులో ఏటా మూడు వారాలు జరిగే పెద్ద సైకిల్ రేసు టూర్ డి ఫ్రాన్స్. అది జరిగేది కూడా మామూలు రోడ్ల మీదే. చాలాచోట్ల పల్లెల మధ్యలోంచి పోయే సన్నటి రోడ్లే. రేసు రావడానికి కొన్ని గంటల ముందే వాటిని మూసేస్తారు. రోడ్డు మధ్యలో డివైడరు, దిమ్మె ఏదైనా ఉంటే దాని ముందు ఒక మనిషి పసుపు జెండా ఊపుతూ, ఈల వేస్తూ నిలబడతాడు. వెనకే డాక్టరు కారు, అంబులెన్సు వస్తుంటాయి. ఆ రేసు విడతలు విడతలుగా జరుగుతుంది, ఒక్కో విడతను స్టేజీ అంటారు. చదును నేల మీద జరిగే స్టేజీల్లో చివరి మూడు కిలోమీటర్లలో పడిపోతే, తాను ఏ గుంపులో ఉన్నాడో ఆ గుంపు టైమే ఇస్తారు. పడినవాడికి అన్యాయం జరగకూడదని నియమం రాసి పెట్టుకున్నారు. మేం పడింది ఎక్కడో తర్వాత కొలుచుకున్నాను. ముగింపు గీతకు ఇంకా రెండున్నర కిలోమీటర్లు.

2024 ఆగస్టు 18 రాత్రి నేను మర్చిపోలేను. అమ్మాయిల టూర్ ఆఖరి స్టేజీ, ఆల్ప్ డుయెజ్ కొండ ఎక్కుడు. ఇరవై ఒక్క మలుపులు. నాన్న ఆ రోజు లోడు దించి ఇంట్లోనే ఉన్నాడు. ఇద్దరం ఫోన్‌ను సంగటి గిన్నెకు ఆనించి పెట్టుకుని చూశాం. పోలెండ్ అమ్మాయి కాషా నెవ్యదోమా పసుపు జెర్సీలో ఉంది, అన్ని స్టేజీల టైము కలిపితే ముందున్నవాళ్లు వేసుకునేది అది. నెదర్లాండ్స్ అమ్మాయి డెమీ వోలరింగ్ 1 నిమిషం 15 సెకన్లు వెనకబడి ఉంది. మూడు రోజుల ముందు వరకు ఆ పసుపు జెర్సీ వోలరింగ్‌దే, ఐదో స్టేజీ చివర్లో కిందపడి నిమిషంన్నరకు పైగా పోగొట్టుకుంది. ఆమె ఆ రోజు ముందుకు దూకింది. నెవ్యదోమా వెనకబడిపోయింది.

నాన్నకు ఆ భాష రాదు, ఆ పేర్లు రావు. కానీ ఎక్కుడు తెలుసు. "ఆ పిల్ల చూడు, గేరు మార్చకుండా పట్టుకోని వస్తాండాది. ఇంజను వేడెక్కకుండా కాపాడుకుంటాంది" అన్నాడు. ఆ మాట తర్వాత ఆటను నేను చూసే తీరే మారిపోయింది. కొండ కింద సాయానికి ఉండి, పైకి వచ్చేసరికి విడిపోయే జట్టు మనుషుల గురించి చెబితే, "మన క్లీనరు మాదిరి" అన్నాడు. నాన్న కుర్రతనంలో లోడు బండి ఘాట్ ఎక్కేటప్పుడు క్లీనరు చెక్క దిమ్మె పట్టుకుని పక్కనే నడిచేవాడట, బండి వెనక్కి జారితే చక్రం కింద పెట్టడానికి. ఫోటోలో డ్రైవరే ఉంటాడు, ఘాట్ ఎక్కించింది మాత్రం ఇద్దరూ.

వోలరింగ్ స్టేజీ గెలిచింది. గెలిచినవాళ్లకు పది సెకన్లు బోనసు, అంటే మొత్తం టైములోంచి అంత తగ్గిస్తారు. ఆ తర్వాత అందరూ గడియారం వైపే చూడటం. "ఇంగెంత పాపా, ఇంగెంత?" అని నాన్న నా మోచెయ్యి పట్టుకుని అడుగుతూనే ఉన్నాడు. నెవ్యదోమా గీత దాటి సైకిల్ వదిలేసి కింద కూలబడింది. గెలిచిందో ఓడిందో ఆమెకే తెలియదు. ఎనిమిది స్టేజీల రేసును నాలుగు సెకన్ల తేడాతో గెలిచింది. మగవాళ్ల టూర్‌లో అతి తక్కువ తేడా 1989లో ఎనిమిది సెకన్లు. నాలుగు సెకన్లను అంత పదిలంగా లెక్కపెట్టేవాళ్లు ఉన్నారని చూసినప్పుడు, మూడు గంటలు ఆలస్యంగా జెండా ఊపిన మా రేసు గుర్తొచ్చింది.

ఇదంతా డబ్బున్న దేశాల ఆట, రాయలసీమకు ఎందుకు అంటారేమో. ఆఫ్రికాలోని ఎరిత్రియా ధనిక దేశం కాదు. అక్కడి బినియమ్ గిర్మాయ్ 2024 టూర్‌లో మూడు స్టేజీలు గెలిచి, పాయింట్లలో మొదటివాడికి ఇచ్చే ఆకుపచ్చ జెర్సీ ఇంటికి తీసుకుపోయాడు. మన తెలుగువాళ్లు తరాలుగా ఉంటున్న మారిషస్ నుంచి కింబర్లీ లె కూర్ వచ్చింది. 2025లో అమ్మాయిల టూర్‌లో పసుపు జెర్సీ వేసుకుంది. ఆఫ్రికా ఖండం నుంచి ఆ జెర్సీ వేసుకున్న మొదటి మహిళ ఆమే. అదే ఏడాది సెప్టెంబరులో ప్రపంచ చాంపియన్‌షిప్ రువాండాలోని కిగాలీలో జరిగింది. అంత దూరం ఎందుకు, మన పక్కనే కర్ణాటకలోని విజయపుర, బాగల్‌కోట్ జిల్లాల నుంచి సైక్లిస్టులు ఏటా జాతీయ పోటీలకు వస్తున్నారు. అవీ ఎండ కాసే నేలలే, జొన్న పండే నేలలే. 2026 జనవరిలో పుణే జిల్లాలో అంతర్జాతీయ స్టేజ్ రేసు జరిగింది, దాని కోసం రోడ్లు బాగుచేశారు. రేసు వెళ్లిపోయాక ఆ రోడ్లు అక్కడి జనానికే కదా మిగిలేది.

గండికోట రోడ్డే ఎందుకంటే, జమ్మలమడుగు నుంచి సుమారు 15 కిలోమీటర్లు. కొంతదూరం చదును, తర్వాత ఎర్రటి రాళ్ల మధ్య కొండెక్కుడు, చివర కోట గోడ. గువ్వలచెరువు ఘాట్‌ను మూయమంటే సరుకు రవాణా ఆగిపోతుంది, లారీ డ్రైవరు కూతురిగా ఆ మాట నేను అడగలేను. గండికోట దారిలో లోడు బండ్ల రద్దీ అంత లేదు. అబ్బాయిలకు, అమ్మాయిలకు వేరువేరుగా, అదే దూరం పెట్టండి. గేర్లు లేని మామూలు సైకిళ్లకు కూడా ఒక రేసు ఉండాలి, పల్లెల్లో గట్టిగా తొక్కేవాళ్లు వాటి మీదే ఉన్నారు. ముందు రోజే దారి పొడవునా ఊళ్లలో దండోరా వేయించండి. ఊరి ముందు రేసు పోతుంటే చూడటానికి టికెట్టు అక్కర్లేదు, అరుగు మీద కూర్చుంటే చాలు. అంబులెన్సు ఒకటి కచ్చితంగా ఉండాలి. ముఖ్య అతిథి గారిని కొండపైన గీత దగ్గర కూర్చోబెట్టండి. జెండా మాత్రం ఆరింటికి ఊపాలి, ఎవరు వచ్చినా రాకపోయినా.

కాలర్ బోన్ విరిగిన ఆ అమ్మాయికి మొన్న ఫోన్ చేశాను. భుజంలో ప్లేటు వేశారు. మళ్లీ తొక్కుతోంది. ఇప్పుడు సొంత సైకిల్ ఉంది. రోడ్డు మూస్తారంటే వస్తానంది.

పెద్ద రేసుల్లో అందరికన్నా వెనక ఒక బండి వస్తుంది, ఇక తొక్కలేమన్నవాళ్లను, సైకిళ్లను ఎక్కించుకోవడానికి. గండికోటలో రేసు పెడితే ఆ బండి తన లారీయేనని నాన్న చెప్పమన్నాడు. బాడుగ అక్కర్లేదట, డీజిల్ కూడా తనే పోయించుకుంటాడట. తేదీ ఒక నెల ముందు చెబితే ఆ రోజుకు లోడు ఒప్పుకోడు.

ఇట్లు,
డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని,
కడప