సెల్లార్‌లో అయితే చట్టం ఉండదా?

ఎడిటర్ గారికి నమస్కారం. మాది విశాఖ ఎంవీపీ కాలనీలో ఒక అపార్ట్‌మెంట్. పోయిన నెల ఓ పొద్దున్న మా సెల్లార్‌లో ఓ సంగతి జరిగింది, అప్పట్నుంచి నాకు మనసులో మనసు లేదు, అందుకే రాస్తున్నా.

మా వాచ్‌మన్ భార్య ర్యాంప్ కింద నీళ్లు కొట్టి తుడుస్తోంది. మూడో ఫ్లోర్ వాళ్లబ్బాయి టెన్త్ చదువుతున్నాడు, వాళ్ల నాన్న కిందకి దిగేలోపు కారు బయటకి తీసి పెట్టడం వాడికి రోజూ అలవాటే, ఆ రోజూ అలాగే రివర్స్ తీశాడు. ముందు బకెట్ పోయింది, నీలం ప్లాస్టిక్ బకెట్, అప్పచ్చిలా అయిపోయింది, ఆ చప్పుడికి ఆవిడ వెనక్కి తిరిగేలోపే టైరు పాదం మీదకి ఎక్కేసింది. ఎక్స్‌రే తీస్తే ఎముక చిట్లిందన్నారు, కట్టు వేశారు. ఆ పిల్లాడి నాన్న చెడ్డవాడేం కాదు, హాస్పిటల్ బిల్లు కట్టాడు, కొత్త బకెట్ కూడా కొన్నాడు. కానీ పిల్లాడికి తాళం ఎలా ఇచ్చారండీ అంటే మాత్రం "మన కాంపౌండ్ లోపలే కదండీ, రోడ్డు మీదకి పంపించానా ఏంటి" అన్నాడు. స్టేషన్‌కి వెళ్తే అక్కడా అదే పాట, ప్రైవేట్ ప్లేస్ సార్, మీలో మీరు మాట్లాడుకోండి అని.

పైగా మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన సుప్రీంకోర్టు తీర్పు పెట్టాడు. 2025 ఆగస్టులో మన స్టీల్ ప్లాంట్ కేసులో వచ్చిందే, ప్లాంట్ లోపల యార్డులోనే తిరిగే 36 బళ్లకి మోటారు వాహనాల టాక్స్ వద్దు, అది పబ్లిక్ ప్లేస్ కాదు అన్నది. చూశారా మనకీ వర్తిస్తుంది అంటాడు. బాబూ, అది టాక్స్ గొడవ, ఆ యార్డుకి చుట్టూ గోడ, గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ వాళ్లు, అంటే కేంద్ర భద్రతా బలగం, పాస్ లేకపోతే చీమ కూడా దూరదు. మన గేటులోంచి గ్యాస్ బండి, స్కూల్ వ్యాన్, ఫుడ్ డెలివరీ కుర్రాళ్లు, ఎవరింటికో వచ్చిన చుట్టాలు పొద్దస్తమానం వస్తూపోతూనే ఉంటారు కదా. బాంబే హైకోర్టు ఫుల్ బెంచ్ 1988లోనే చెప్పింది, స్థలం ప్రైవేటుదైనా జనం వచ్చిపోతుంటే, కంట్రోల్ పెట్టి రానిచ్చినా సరే, అది పబ్లిక్ ప్లేసే అని.

ఒప్పుకుంటాను, చట్టంలోనే కాస్త సందు ఉంది. మోటారు వాహనాల చట్టంలో లైసెన్స్ గురించిన 3వ సెక్షన్, 18 ఏళ్ల వయసు గురించిన 4వ సెక్షన్ రెండూ పబ్లిక్ ప్లేస్‌లో నడిపితేనే అంటాయి. 2019లో తెచ్చిన 199ఎ, అంటే పిల్లలు నడిపితే తండ్రికి మూడేళ్ల వరకు జైలు, 25,000 ఫైను, అది కూడా ముందు పిల్లాడు చేసింది ఈ చట్టం కింద నేరమైతేనే. సరే, సెల్లార్ పబ్లిక్ ప్లేస్ కాదనే అనుకుందాం, పాత ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 125వ సెక్షన్ ఉంది కదా, నిర్లక్ష్యంతో ఎవరికైనా దెబ్బ తగిలితే కేసు, అందులో రోడ్డు అనీ గేటు అనీ ఎక్కడా లేదు. మరి మీలో మీరు మాట్లాడుకోండి అని పంపించేయడం ఏంటి?

ఇంకోటి. శనివారం రాత్రుళ్లు ఇద్దరు ముగ్గురు అదే సెల్లార్‌లో కారు ఆన్ చేసి ఏసీ వేసుకుని మందు కొడతారు (ఆ పొగ గ్రౌండ్ ఫ్లోర్ ముసలాయన బెడ్‌రూమ్‌లోకే పోతుంది, అది వేరే కథ). అడిగితే పార్క్ చేసిన బండే కదా అంటారు, పదకొండింటికి వేరే బండి రాగానే వాళ్లే తాగిన చేత్తో ముందుకి జరుపుతారు. డ్రంక్ అండ్ డ్రైవ్ 185వ సెక్షన్‌లో పబ్లిక్ ప్లేస్ అన్న మాటే లేదు, నడిపినా నేరమే, నడపబోయినా నేరమే, మొదటిసారికే 10,000 ఫైను లేదా ఆరు నెలల వరకు జైలు, రెండూ కూడా పడొచ్చు. తమాషా ఏంటంటే తాగారో లేదో చూడ్డానికి మిషన్‌లో ఊదమని పోలీసులు అడిగే అధికారం ఇచ్చే 203వ సెక్షన్ మాత్రం మళ్లీ పబ్లిక్ ప్లేస్ అంటుంది. అంటే నేరం సెల్లార్‌లో ఉంటుంది, మిషన్ మాత్రం గేటు బయటే ఆగిపోతుంది!

ఈ సందు పూడ్చడం ఢిల్లీ వాళ్ల పని. కానీ అపార్ట్‌మెంట్ లోపల ఎవరికైనా దెబ్బ తగిలితే 125 కింద కేసు తీసుకోవాలని స్టేషన్లకి ఒక్క సర్క్యులర్ పంపడం ఇక్కడి పోలీస్ పెద్దల చేతిలో పని, దానికి పార్లమెంటు అక్కర్లేదు.

మా అసోసియేషన్ కూడా మొన్న ఆదివారం మీటింగ్ పెట్టి ఒక నిర్ణయం తీసుకుంది లెండి. లిఫ్ట్ పక్కన నోటీసు అంటించారు: బళ్లకి ఇబ్బంది లేకుండా సెల్లార్ కడగడం ఉదయం ఐదున్నరలోపు పూర్తి చేయాలి అని.

– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం