లాగే బరువు చెప్పి, మోసే బరువు చెప్పని బ్రోచర్‌పై ఫిర్యాదు

విజయనగరం

కస్టమర్ సేవా విభాగం అధిపతి గారికి,

విషయం: మీ పికప్ లాగగల ట్రైలర్ బరువు గురించి అసంపూర్ణ సమాచారం ఇచ్చి నష్టం కలిగించడం.

అయ్యా,

గత ఆగస్టులో మీ షోరూమ్‌లో డబుల్ క్యాబ్ పికప్ కొన్నాను. ఇంటిల్లిపాదీ పడుకునేందుకు వీలుగా చేయించుకున్న ట్రైలర్‌ను దానికి తగిలించి అరకు, బారువ వంటి చోట్లకు వెళ్లాలన్నది నా ఉద్దేశమనీ, ఆ ట్రైలర్ ఖాళీ బరువే 1,450 కిలోలనీ ఆ రోజే మీ సేల్స్ ప్రతినిధికి చెప్పాను. ఆయన బ్రోచర్ తెరిచి, ‘లాగే సామర్థ్యం 2,500 కిలోలు’ అన్న పెద్ద అక్షరాల మీద వేలు పెట్టి, మరో వెయ్యి కిలోలు వేసుకున్నా ఢోకా లేదన్నారు. ఆ మాట నమ్మి 46,500 రూపాయలు చెల్లించి హుక్కు కూడా మీ దగ్గరే బిగించుకున్నాను.

కనుమ నాడు కాకైనా కదలదంటారు గనుక ఆగి, ముక్కనుమ కూడా వెళ్లాక ఐదుగురం అరకుకు బయలుదేరాము. ట్రైలర్ తగిలించగానే పికప్ వెనక భాగం కుంగి, చీకటి ఇంకా విడవని మా వీధిలో హెడ్‌లైట్ల వెలుగు రోడ్డు మీద కాక ఎదురింటి కొబ్బరిచెట్టు మట్టల మీద పడింది. మీ సర్వీసు విభాగానికి ఫోన్ చేస్తే, ట్రైలర్‌లోని సామాను వెనక్కి జరపమని సలహా ఇచ్చారు. జరిపాము. శృంగవరపుకోట దారిలో ఒక బస్సు మమ్మల్ని దాటిపోయినప్పుడు ట్రైలర్ తోక అటూ ఇటూ ఊగి పికప్‌ను కూడా ఊపేసింది; బ్రేక్ తొక్కకుండా యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి స్టీరింగ్ గట్టిగా పట్టుకోవడం వల్ల బయటపడ్డాము. అనంతగిరి ఘాట్ ఎక్కకుండానే వెనక్కి తిరిగాము.

మా నాన్నగారు నాటుబండి మీద గోగునార కట్టలు తోలేవారు. ముందు బరువు ఎక్కువైతే కాడి ఎడ్ల మెడలు నొక్కేస్తుందనీ, వెనక ఎక్కువైతే కాడే పైకి లేస్తుందనీ ఆయనకు తెలుసు. మీ సర్వీసు విభాగానికి తెలియకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. నివాస ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం దాని మూతి, అంటే హుక్కుకు తగిలే ముందు కొస, ద్వారా హుక్కు మీద పడాలి. అంతకంటే తగ్గితే తోక ఊగుతుంది. ఆ మూతి బరువును పికప్ లాగదు, మోస్తుంది. మోయడానికి వేరే హద్దు ఉంది. దాని ఊసు మీ బ్రోచర్‌లో ఎక్కడా లేదు.

మరునాడు సామాను మళ్లీ మొదటి తీరున సర్ది, రైస్ మిల్లు దగ్గరి కాటాకు తీసుకువెళ్లాను. ఐదుగురు మనుషులు, హుక్కు, తొట్టిలోని సామానుతో పికప్ 2,420 కిలోలు తూగింది. తరువాత ట్రైలర్ తగిలించి, పికప్ చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా నిలిపితే 2,660 వచ్చింది. అంటే మూతి బరువు 240 కిలోలు. విడదీసి తూచిన ట్రైలర్ 1,960 కిలోలు. ట్యాంకులో నింపిన నీరే 200 కిలోలు. రిజిస్ట్రేషన్ పత్రం ప్రకారం నా పికప్ మొత్తం బరువు 2,510 కిలోలు దాటరాదు. లాగే లెక్కలో నాకు 540 కిలోల మిగులు ఉండగానే, మోసే లెక్కలో 150 కిలోలు మించిపోయాను. మా కుటుంబంతో, మా సామానుతో ఇక మిగిలేది 90 కిలోలే కాబట్టి, మూతి బరువు 12 శాతం వేసుకున్నా 750 కిలోలు దాటిన ట్రైలర్‌ను ఈ బండికి తగిలించకూడదు. నా ట్రైలర్ ఖాళీగానే దానికి దాదాపు రెట్టింపు.

పికప్, ట్రైలర్ రెండూ కలిసి 4,700 కిలోలు దాటరాదనీ, సొంత బ్రేకులు లేని ట్రైలర్ అయితే 750 కిలోలే హద్దనీ, డబ్బు కట్టాక చేతికిచ్చిన మాన్యువల్ చివరి పుటల్లో చిన్న అక్షరాలతో ఉంది. పికప్ ఖాళీ బరువు 1,990 కిలోలు గనుక, మీరు చెప్పిన 2,500 కిలోలను నిజంగా లాగాలంటే మనుషులకూ సామానుకూ హుక్కుతో సహా మిగిలేది 210 కిలోలు. ఐదు సీట్ల బండి అమ్మి ముగ్గురితో సరిపెట్టుకోమనడం ఏ లెక్క?

బండిని వెనక్కి తీసుకోమని నేను అడగడం లేదు. బరువుల విషయం పక్కనపెడితే దానిలో నాకు లోపం కనిపించలేదు. మీ ప్రతినిధి హామీ మీద బిగించుకున్న హుక్కు ఖరీదు తిరిగి చెల్లించాలి. నా బండికి తగిన ట్రైలర్ బరువెంతో, మూతి బరువు ఎంత వరకు ఉండవచ్చో లెక్కతో సహా రాతపూర్వకంగా తెలపాలి. బ్రోచర్‌లో లాగే సామర్థ్యం పక్కనే, అదే సైజు అక్షరాలతో మోసే సామర్థ్యం కూడా అచ్చువేయాలి. సామాను వెనక్కి జరపమన్న సలహా మరెవరికీ ఇవ్వకుండా మీ సిబ్బందిని వెంటనే ఆదేశించాలి. ఇది మాత్రం కింద చెప్పిన నెల గడువుకు ఆగే విషయం కాదు.

ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచే ప్రకటన, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటన అవుతుంది. ఈ లేఖ అందిన 30 రోజుల్లో సమాధానం రాకపోతే 1915 హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, నేను నివసించే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను. మూడు కాటా చీటీలు, హుక్కు రసీదు, మీ ప్రతినిధి స్వయంగా గీత గీసి ఇచ్చిన బ్రోచర్ పుట నకలు జతచేస్తున్నాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు